చిన్న కోతకు ముందు పెద్ద పరీక్ష

గుండె వాల్వు మార్చాలని డాక్టరు చెప్పగానే ఇంట్లోవాళ్ళు అడిగే మొదటి మాట ‘ఎంతవుతుంది?’ అని. దాని వెంటే ఇప్పుడు ఇంకో ప్రశ్న వస్తోంది: ‘ఛాతీ మధ్యకు చీలుస్తారా, పక్కన చిన్నగా కోసి చేస్తారా?’ టీవీలోనో, ఫోన్‌లోనో, గుంటూరు బస్సు పక్కన హోర్డింగు మీదో ‘కీహోల్ గుండె ఆపరేషన్’ అన్న మాట అందరి కళ్ళలోనూ పడింది. కురిచేడు, దొనకొండ, త్రిపురాంతకం వైపు నుంచి గుంటూరు రైలెక్కే రోగి కూడా ఆ మాట పట్టుకునే వెళ్తున్నాడు. కోరిక సబబైనదే. చిన్న కోతకు తగిన ఒళ్ళు ఎవరిది, ఆ సంగతి ముందే తేల్చేదెలా అన్న విషయం మాత్రం హోర్డింగు మీద ఉండదు. ప్రపంచమంతటా ఈ విషయంపై పోగైన అనుభవాన్ని పశ్చిమ ప్రకాశం రోగి పక్కన పెట్టి చూసే ప్రయత్నం ఇది.

కోత ఎక్కడ తగ్గింది

1960లో అమెరికాలో ఆల్బర్ట్ స్టార్, లోవెల్ ఎడ్వర్డ్స్ తయారుచేసిన బంతి వాల్వును మైట్రల్ (గుండె ఎడమ గదుల మధ్య వాల్వు) స్థానంలో అమర్చినప్పటి నుంచి ముప్పయ్యేళ్ళకు పైగా ఎక్కువగా వాడిన పద్ధతి ఒక్కటే. మెడ గుంట కింది నుంచి పొట్ట పైదాకా రొమ్ము ఎముకను నిలువునా రంపంతో కోసి, గుండె కళ్ళెదుట కనబడేలా తెరిచి పనిచేసేవారు. ఎముక అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఆ మూడు నెలలూ బిందె ఎత్తకూడదు, గడ్డిమోపు మొయ్యకూడదు, ట్రాక్టరు తోలకూడదు.

1996 ప్రాంతంలో ఫ్రాన్సులో అలెన్ కార్పెంటియర్, అమెరికాలో లారెన్స్ కోన్, డెలోస్ కాస్‌గ్రోవ్ వంటి సర్జన్లు కోత తగ్గించే దారులు చూపించారు. ఇప్పుడు మైట్రల్ వాల్వుకు కుడి రొమ్ము కింద పక్కటెముకల సందున ఐదారు సెంటీమీటర్ల కోత పెడతారు. మహాధమని మొదట్లో ఉండే అయోర్టిక్ వాల్వుకు రొమ్ము ఎముక పైభాగం మాత్రమే చీల్చడమో, కుడివైపు పైన చిన్న కోత పెట్టడమో చేస్తారు. ఇవి ఆపరేషన్లే. గుండెను ఆపుతారు, హార్ట్-లంగ్ మెషిన్ పెడతారు, మత్తు పూర్తిగా ఇస్తారు.

వీటికి అవతల అసలు కోతే లేని దారులు రెండు. ఒకటి, 1984లో జపాన్ డాక్టరు కంజీ ఇనోవే ప్రచురించిన బెలూన్ పద్ధతి. గజ్జ దగ్గరి నరం గుండా పంపి, మూసుకుపోయిన మైట్రల్ వాల్వును సాగదీస్తారు. రెండోది, 2002 ఏప్రిల్‌లో ఫ్రాన్సులోని రువాన్ నగరంలో అలెన్ క్రిబియే మొదలుపెట్టిన టావీ. మడిచిన కొత్త వాల్వును తొడ ధమని గుండా తీసుకెళ్ళి పాత అయోర్టిక్ వాల్వు మధ్య విప్పుతారు. మన దేశంలోనే తయారైన మైవాల్ అనే టావీ వాల్వుకు 2018లో అనుమతి వచ్చింది.

ఈ దారులన్నిటికీ ఒక ఉమ్మడి లక్షణం ఉంది. ఛాతీ పూర్తిగా తెరిచినప్పుడు అనుకోనిది ఎదురైతే సర్జన్ చేత్తో తడిమి, చూసి సర్దుకుంటాడు. చిన్న కోతలో ఆ వెసులుబాటు తక్కువ. కాబట్టి లోపల ఏముందో బల్ల ఎక్కించకముందే తెలిసి తీరాలి. కోత తగ్గినకొద్దీ ముందస్తు పరీక్ష పెరిగేది ఇందుకే.

మన రోగి ఎవరు

వాల్వు జబ్బుల గురించి పాశ్చాత్య పుస్తకాల్లో కనబడే రోగి సాధారణంగా డెబ్బయ్యేళ్ళ మనిషి. వయసు మీద పడి అయోర్టిక్ వాల్వు సున్నం కట్టి గట్టిపడి ఉంటుంది, లేదా మైట్రల్ వాల్వు పట్టు సడలి కారుతుంటుంది. మన దగ్గరా అలాంటివాళ్ళు పెరుగుతున్నారు. అయినా కీళ్ళవాతం వల్ల వచ్చే గుండె జబ్బు ఇంకా మన ఊళ్ళు వదలలేదు. ఐదు నుంచి పదిహేనేళ్ళ మధ్య గొంతునొప్పి, జ్వరం, కీళ్ళ వాపు వస్తాయి, నాలుగు రోజులకు తగ్గిపోతాయి. పదిహేను, ఇరవయ్యేళ్ళ తర్వాత ఆ పిల్లే ఇద్దరు బిడ్డల తల్లయ్యాక మెట్లెక్కలేకపోతుంది. మైట్రల్ వాల్వు ఇరుకైపోవడం ఆడవాళ్ళలోనే ఎక్కువ. కాన్పు సమయంలో మొదటిసారి బయటపడే కేసులూ తక్కువేం కాదు.

ఈ రోగి వయసు తక్కువ, బరువు తక్కువ, రక్తం తక్కువ. పెరిగిన నేలను బట్టి వచ్చే చిక్కులు మరికొన్ని ఉన్నాయి. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంటుంది, కట్టెల పొయ్యి పొగ ఉంటుంది. మార్కాపురం పలకల పనిలో ఉన్నవాళ్ళకైతే రాతి దుమ్ము. వాల్వు పరీక్షల జాబితా ఏ దేశంలోనైనా ఒకటే, అందులో ఏ గడి దగ్గర ఎక్కువసేపు ఆగాలన్నది మాత్రం ఊరిని బట్టి మారుతుంది.

ఆయాసం లెక్క, ఎకో లెక్క

అన్నిటికన్నా ముందు తేలాల్సింది ఆపరేషన్ అవసరమా, ఇప్పుడే అవసరమా అని. దీనికి రెండు సాక్ష్యాలు కావాలి. మొదటిది రోగి మాట. ఆయాసాన్ని నాలుగు మెట్లుగా కొలిచే న్యూయార్క్ హార్ట్ అసోసియేషన్ పద్ధతిని డాక్టర్లందరూ వాడతారు. దాన్ని మన మనిషి దగ్గర అడిగే తీరులోనే పట్టు ఉంది. ‘ఏం పెద్దమ్మా, ఆయాసం వస్తోందా?’ అంటే ‘లేదు నాయనా, బాగానే ఉన్నా’ అంటుంది. ‘పొద్దున మిరప చేలోకి పోయొచ్చావా?’ అంటే ‘చేలోకి పోయి ఏడాదైంది గదా, కోడలు పోతోంది’ అంటుంది. ఆయాసం రాకపోవడానికి కారణం ఆమె పని మానుకోవడమే. ఏడాది కిందట చేసి ఇప్పుడు మానేసిన పనులేమిటి, రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుంటోంది, అర్ధరాత్రి లేచి కూర్చుంటోందా అని అడిగితేనే అసలు మెట్టు తెలుస్తుంది.

రెండో సాక్ష్యం ఎకో. మామూలు మైట్రల్ వాల్వు నాలుగు నుంచి ఆరు చదరపు సెంటీమీటర్లు తెరుచుకుంటుంది. అది ఒకటిన్నరకు తగ్గితే తీవ్రమైన ఇరుకు. అయోర్టిక్ వాల్వు ఒకటికి తగ్గి, రక్తం సెకనుకు నాలుగు మీటర్ల వేగంతో దూసుకొస్తూ, సగటు పీడన వ్యత్యాసం 40 మి.మీ. పాదరసం దాటితే తీవ్రం. అంకెల తర్వాత చూడాల్సింది వాల్వు తీరు. మైట్రల్ ఇరుకులో బెలూన్ పనికొస్తుందా లేదా అని తేల్చడానికి 1988 నుంచి వాడుకలో ఉన్న విల్కిన్స్ స్కోరు ఈ పని చేస్తుంది. రెక్కల కదలిక, మందం, సున్నం, కింది తాళ్ళ ముద్దతనం అనే నాలుగు అంశాలకు ఒక్కోదానికి ఒకటి నుంచి నాలుగు మార్కులు. మొత్తం ఎనిమిది లోపుంటే బెలూన్‌కు మంచి అవకాశం. అంతకు మించి ఎక్కేకొద్దీ ఫలితం తగ్గుతుంది.

ఎడమ పైగదిలో గడ్డకట్టిన రక్తం ఉంటే బెలూన్ ఆపాల్సిందే. గొంతులోంచి గొట్టం దించి చేసే ఎకోలో అది బాగా కనబడుతుంది. కురిచేడు నుంచి వెళ్ళిన ఇరవై ఎనిమిదేళ్ళ ఇల్లాలికి స్కోరు ఏడు, గడ్డ లేదు, కారడం లేదు అని తేలితే ఆమెకు కీహోల్ ఆపరేషన్ కూడా అక్కర్లేదు. బెలూన్ చాలు, కొద్ది రోజుల్లో ఇంటికి రావచ్చు. చిన్న కోత కోసం అడుగుతూ వచ్చిన మనిషికి కోతే వద్దని చెప్పగలగడం మంచి పరీక్ష ఇచ్చే మొదటి ఫలం.

దీనికి ఎదురు సంగతీ ఉంది. మైట్రల్, అయోర్టిక్ రెండూ చెడితే, లేదా అయోర్టిక్ వాల్వు గట్టిగా కారుతుంటే, చిన్న కోత ద్వారా మైట్రల్ ఆపరేషన్ చిక్కుల్లో పడుతుంది. గుండెను ఆపే మందు మహాధమని మొదట్లో ఇస్తారు. అయోర్టిక్ వాల్వు కారితే ఆ మందు గుండె కండరానికి చేరకుండా లోపలి గదిలోకి జారిపోతుంది. కీళ్ళవాతం తరచు రెండు వాల్వులనూ కొరుకుతుంది గనక ఎకో చేసేవారు మైట్రల్ దగ్గరే ఆగిపోకూడదు. మూడోదైన ట్రైకస్పిడ్ సంగతి, ఊపిరితిత్తుల్లో పెరిగిన పీడనం, కుడి గుండె ఓపిక కూడా రిపోర్టులో ఉండాలి.

తొడలో ఐదున్నర మిల్లీమీటర్లు

కీహోల్ ఆపరేషన్‌లో ఛాతీలో చోటుండదు. అందుకే హార్ట్-లంగ్ మెషిన్ గొట్టాలను ఎక్కువగా గజ్జ దగ్గర తొడ ధమనిలో, సిరలో పెడతారు. టావీ కూడా చాలామటుకు ఈ దారినే పోతుంది. ఛాతీ ఆపరేషన్‌కు కాళ్ళ రక్తనాళాల స్కాన్ ఎందుకని ఇంటివాళ్ళకు అనుమానం వస్తుంది. సమాధానం ఇదే.

లెక్క దగ్గరగా చూద్దాం. ఈ గొట్టాలను ఫ్రెంచి అనే కొలతలో చెబుతారు. మూడు ఫ్రెంచి ఒక మిల్లీమీటరు. పెద్దవాళ్ళకు వాడే ధమని గొట్టం తరచు 17 ఫ్రెంచి, అంటే ఐదున్నర మిల్లీమీటర్లు దాటింది. నలభై కిలోల మనిషి తొడ ధమని ఆరు మిల్లీమీటర్లు ఉంటే బిగుతుగా పడుతుంది, ఐదే ఉంటే పట్టదు. బలవంతం చేస్తే నాళం చీలుతుంది, లేదా ఆపరేషన్ జరిగినంతసేపూ కాలికి రక్తం అందదు. ముందే తెలిస్తే సన్న గొట్టం, రెండు కాళ్ళలో రెండు గొట్టాలు, భుజం దగ్గరి ధమని అంటూ ప్రత్యామ్నాయాలు చూసుకోవచ్చు. అవేవీ కుదరకపోతే నిలువు కోతే క్షేమం.

చుట్టా, బీడీ ముప్పయ్యేళ్ళు తాగిన పెద్దాయన విషయంలో భయం వేరు. అతని మహాధమని గోడలో కొవ్వు, సున్నం పేరుకుని ఉంటాయి. తొడలోంచి రక్తాన్ని పైకి ఎదురు తోసినప్పుడు ఆ పెచ్చులు ఊడి మెదడుకు ఎక్కితే పక్షవాతమే. ఛాతీ నుంచి గజ్జల దాకా సీటీ యాంజియో తీసి ఇలాంటివాళ్ళను ముందే పక్కకు తప్పించడం ఇప్పుడు మంచి కేంద్రాల్లో మామూలు పద్ధతి. అదే స్కాన్‌లో మహాధమని వెడల్పు, రొమ్ము ఎముకకు అది ఎంత దూరంలో ఎటువైపు ఒరిగి ఉందో, మైట్రల్ చుట్టూ సున్నం ఉందో కూడా తెలుస్తాయి. నలభై దాటిన మగవాళ్ళకు, ముట్లుడిగిన ఆడవాళ్ళకు, షుగరు లాంటి ముప్పులున్నవాళ్ళకు గుండె రక్తనాళాల యాంజియోగ్రామ్ కూడా తప్పదు. అడ్డంకులుంటే బైపాస్ కూడా చేయాలి, అప్పుడు చిన్న కోత ఆలోచన సాధారణంగా వెనక్కి పోతుంది.

ఒక్క ఊపిరితిత్తితో గంటలు

కుడి పక్కనుంచి గుండెను చేరాలంటే కుడి ఊపిరితిత్తి అడ్డుగా ఉంటుంది. మత్తు డాక్టరు దాన్ని కాసేపు ఆపి, ఎడమ ఊపిరితిత్తి ఒక్కదానితోనే శ్వాస నడిపిస్తారు. ఆ ఒక్కటీ బలంగా ఉందా అన్నది పశ్చిమ ప్రకాశం రోగి దగ్గర గట్టిగా అడగాల్సిన ప్రశ్న.

ఎప్పుడో టీబీ వచ్చి ఆరు నెలల మందులు మింగి మరిచిపోయినవాళ్ళున్నారు. టీబీ నయమైనా ఊపిరితిత్తి పొర ఛాతీ గోడకు అంటుకుపోయి ఉండొచ్చు. కుడివైపు అలా అతుక్కుంటే చిన్న కోతలోంచి విడదీయడం కష్టం, రక్తం కారుతుంది. ‘ఎప్పుడైనా ఛాతీలో నీరు తీశారా?’ అన్న చిన్న ప్రశ్నకు వచ్చే సమాధానం ఆపరేషన్ దారినే మార్చగలదు. పలకల క్వారీల్లో, కోత మిషన్ల దగ్గర పనిచేసినవాళ్ళ ఊపిరితిత్తుల్లో సిలికా దుమ్ము మచ్చలు చేసి ఉండొచ్చు. పొగాకు బ్యారన్ల దగ్గర, కట్టెల పొయ్యి దగ్గర బతుకు గడిచిన ఆడమనిషి ఒక్క బీడీ తాగకపోయినా ఆమె శ్వాసనాళాలు పొగతాగేవాళ్ళవిలా ఉండొచ్చు. కాబట్టి పుస్తకంలో ‘పొగ తాగుతారా’ అన్న గడికి పక్కన ‘ఏం పని చేశారు, దేనిమీద వండారు’ అని చేర్చుకోవాలి. స్పైరోమెట్రీ, ఛాతీ ఎక్స్‌రే, అవసరమైతే సీటీలో ఊపిరితిత్తుల భాగం చూస్తే బొమ్మ పూర్తవుతుంది.

ఫ్లోరైడ్ నీళ్ళు ఇక్కడా అడ్డొస్తాయి. ఎముకలకు ఎక్కిన ఫ్లోరోసిస్‌లో మెడ, వెన్ను బిగుసుకుపోతాయి, నడుం వంగిపోతుంది. మెడ వెనక్కి వంగకపోతే శ్వాసగొట్టం వేయడం కష్టం, ఊపిరితిత్తులను వేరుచేసే రెండు దారుల గొట్టం ఇంకా కష్టం. పక్కకు ఒరిగించి పడుకోబెట్టడానికీ వెన్ను సహకరించాలి. ఛాతీ ఆకారం వంకరైతే గుండె ఉండాల్సిన చోట ఉండదు.

రిపోర్టులో నార్మల్, ఒంట్లో కాదు

సీటీ యాంజియోకు నరంలోకి రంగుమందు ఎక్కిస్తారు. అది మూత్రపిండాల గుండా పోవాలి. కనిగిరి, పామూరు వైపు కిడ్నీ జబ్బుల గురించి ఈ ప్రాంతంలో వినని మనిషి లేడు. అందుకే క్రియాటినిన్ పరీక్ష అందరూ చేయిస్తారు. చూసే తీరులోనే పొరపాటు జరుగుతుంది. అరవయ్యేళ్ళ, 42 కిలోల ఆమెకు క్రియాటినిన్ 1.1 వచ్చిందనుకుందాం. ల్యాబు కాగితం మీద అది ఎర్ర గీత పడని అంకె. వయసు, బరువు కలిపి కాక్‌క్రాఫ్ట్ సూత్రంలో వేస్తే మూత్రపిండాల వడపోత నిమిషానికి 36 మిల్లీలీటర్లే తేలుతుంది. కండ తక్కువ ఉన్న ఒంట్లో క్రియాటినిన్ తక్కువే పుడుతుంది గనక అంకె మోసం చేస్తుంది. ఆమెకు రంగుమందు తగ్గించాలి, నొప్పి బిళ్ళలు మాన్పించాలి, స్కాన్‌కూ ఆపరేషన్‌కూ మధ్య వ్యవధి ఇవ్వాలి.

రక్తహీనత లెక్క కూడా ఇలాంటిదే. అదే మనిషి ఒంట్లో రక్తం రెండున్నర, మూడు లీటర్ల మధ్య ఉంటుంది. హార్ట్-లంగ్ మెషిన్ గొట్టాల్లో ముందుగా నింపే ద్రవం ఒక లీటరు పైమాటే. హిమోగ్లోబిన్ 9తో బల్ల ఎక్కితే మెషిన్ మొదలవగానే ఆ పలచనలో అది 6 దగ్గరకు పడిపోతుంది. రక్తం ఎక్కించక తప్పదు, దాని చిక్కులు దానివి. ఆపరేషన్‌కు నెల, నెలన్నర వ్యవధి ఉన్నప్పుడు ఐరన్ ఇచ్చి, నులిపురుగుల మందు వేసి, అధిక రుతుస్రావం ఉంటే చూపించి 9ని 11 చేసుకోవడం పెద్ద ఖర్చు కాని చికిత్స. ఆ నెల కురిచేడులోనే గడుస్తుంది.

షుగరు మూడు నెలల సగటు, థైరాయిడ్, కాలేయ పరీక్షలు, హెపటైటిస్, హెచ్‌ఐవీ వంటివి మామూలు జాబితా. కాళ్ళ వాపు, పొట్టలో నీరు దాకా వెళ్ళినవాళ్ళలో కాలేయం ఉబ్బి ఉంటుంది. వాళ్ళను మందులతో ఎండగట్టి, తిండి పెట్టి, తర్వాతే బల్ల ఎక్కించాలి.

పంటి వరస

వాల్వు ఆపరేషన్‌కు ముందు పంటి డాక్టరు దగ్గరకు పంపితే చాలామంది కోప్పడతారు. గుండెకు వస్తే పళ్ళు చూస్తారేమిటని. చిగుళ్ళ చీము, పుచ్చిన పన్ను మొదట్లో నిలిచిన సూక్ష్మజీవులు రక్తంలో కలిసి కొత్త వాల్వు మీద గూడు కడితే అది ప్రాణాంతకం. అందుకే పీకాల్సిన పళ్ళు ముందే పీకించి, గాయం మానాక వాల్వు వేస్తారు.

భారతదేశంలో ఫ్లోరోసిస్ గురించి మొదటి శాస్త్రీయ నివేదిక 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచే వచ్చింది. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు ఆనాడు ఆ జిల్లాలోవే, ప్రకాశం ఏర్పడింది 1970లో. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన పళ్ళ మీద గోధుమ గీతలు, గుంటలు పడతాయి, పింగాణి పెళుసై రాలుతుంది. నోరు తెరిపించి చూసేవారికి ఇక్కడ ఒక చిక్కు ఉంది. పళ్ళన్నీ గోధుమ రంగులో ఉన్నప్పుడు ఏది ఫ్లోరైడ్ మచ్చ, ఏది పుప్పి అని పైపైన తెలియదు. మచ్చను పుప్పి అనుకుని మంచి పన్ను పీకొచ్చు, పుప్పిని మచ్చ అనుకుని చీమును వదిలేయొచ్చు. నోరంతా వచ్చే ఒక్క పంటి ఎక్స్‌రే దీన్ని తేలుస్తుంది. అన్ని ఊళ్ళ రోగులకూ పంటి పరీక్ష కావాలి, ఈ ఊళ్ళ రోగికి ఎక్స్‌రేతో కలిపి కావాలి. ఆపరేషన్ తర్వాత కూడా పన్ను పీకించుకునే ప్రతిసారీ గంట ముందు యాంటీబయోటిక్ వేసుకోవాలని రోగికి కాగితం మీద రాసివ్వాలి.

స్కోర్లు ఎంతవరకు

ముప్పును అంకెల్లో చెప్పే సాధనాలు రెండు బాగా వాడుకలో ఉన్నాయి: అమెరికా సర్జన్ల సంఘం వారి ఎస్‌టీఎస్ స్కోరు, యూరప్ వారి యూరోస్కోర్ 2. రెండోదాన్ని 2010లో 43 దేశాల ఆస్పత్రుల నుంచి సేకరించిన ఇరవై రెండు వేలకు పైగా రోగుల వివరాలతో తయారుచేశారు. వయసు, మూత్రపిండాలు, ఊపిరితిత్తులు, గుండె బలం, అత్యవసరం వంటివి అందులో ఉన్నాయి. హిమోగ్లోబిన్ లేదు, బరువు విడిగా లేదు, కాలేయం లేదు, వాల్వు కీళ్ళవాతం వల్ల చెడిందా అన్నది లేదు. వయసు పెరిగేకొద్దీ మార్కులు పెరుగుతాయి. ముప్పయ్యేళ్ళ, 38 కిలోల, హిమోగ్లోబిన్ 8 ఉన్న అమ్మాయి ఈ కాగితం మీద దాదాపు ముప్పు లేని రోగిగా కనబడుతుంది. బల్ల మీద ఆమె అంత తేలిక కాదు. స్కోరు తీయాలి, దాన్నే తీర్పుగా తీసుకోకూడదు.

స్కోర్లు బాగా పట్టుకోలేని ఇంకో సంగతి ముసలితనపు నీరసం. దీనికి యంత్రం అక్కర్లేదు. ఐదు మీటర్లు గీత గీసి మామూలు నడకతో నడవమనాలి. ఆరు సెకన్లు, అంతకు మించి పడితే ఆపరేషన్ తర్వాత కోలుకోవడం కష్టమయ్యే అవకాశం ఎక్కువ. స్నానం, బట్టలు, తిండి తనంతట తాను చేసుకోగలడా, ఈ ఆరు నెలల్లో బరువెంత తగ్గాడు, మతిమరుపు ఉందా అని ఇంటివాళ్ళను అడగాలి. ఇలాంటివాళ్ళకు అయోర్టిక్ ఇరుకు ఉంటే టావీ వైపు మొగ్గు. 2010లో వచ్చిన పార్ట్‌నర్ అధ్యయనంలో ఆపరేషన్‌కు పనికిరారన్న రోగుల్లో మందులతో ఉంచినవారిలో ఏడాదిలో సగం మంది చనిపోతే, టావీ చేసినవారిలో మరణాలు 31 శాతం దగ్గర ఆగాయి. ఆ తర్వాత టావీ వయసు హద్దు దిగుతూ వచ్చింది. టావీ చేసినవాళ్ళలోనూ ఏడాదికే ముగ్గురిలో ఒకరు పోయారన్న మాట కూడా అందులోనే ఉంది. ఒళ్ళు మొత్తం అలిసిపోయాక వాల్వు ఒక్కటి బాగుచేసినా ఫలం దక్కని రోగులుంటారని, వాళ్ళను గుర్తించడం కూడా పరీక్షలో భాగమేనని వైద్యలోకం నేర్చుకుంది.

ఏ వాల్వు, ఎవరి కోసం

కోత గురించి గంటసేపు మాట్లాడి, వాల్వు గురించి సంతకం పెట్టేటప్పుడు మాట్లాడటం మన దగ్గర తరచు కనబడే తీరు. లోహపు వాల్వు ఎక్కువకాలం మన్నుతుంది, జీవితాంతం రక్తం పలచన చేసే మందు కావాలి. జంతు కణజాలపు వాల్వుకు ఆ మందు అక్కర్లేకపోవచ్చు గానీ, చిన్న వయసువాళ్ళలో త్వరగా అరిగిపోతుంది, మళ్ళీ ఆపరేషన్ వస్తుంది. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో ఎం.ఎస్. వలియతాన్ బృందం తయారుచేసి 1990 డిసెంబరులో మొదటిసారి అమర్చిన చిత్ర వాల్వు లోహపు వాల్వును మన పేదలకు అందుబాటులోకి తెచ్చింది. వాల్వుతో పాటు వచ్చే బాధ్యత మాత్రం రోగి మీదే ఉంటుంది.

వార్ఫరిన్, ఎసిట్రోమ్ వంటి మందులకు పీటీ-ఐఎన్‌ఆర్ రక్తపరీక్ష నెలనెలా కావాలి. కాబట్టి ముందస్తు పరీక్షలో ఈ ప్రశ్నలూ ఉండాలి: ఈ పరీక్ష మీకు దగ్గరలో ఎక్కడ దొరుకుతుంది? దర్శా, వినుకొండా, మార్కాపురమా? ఎవరు తీసుకెళ్తారు? ఆ రోజు కూలి పోతే ఫర్వాలేదా? పిల్లలు కావాలనుకుంటున్నారా? వార్ఫరిన్ కడుపులో బిడ్డకు మొదటి మూడు నెలల్లో హాని చేయగలదు, మానేస్తే తల్లి వాల్వులో గడ్డ కడుతుంది. కొత్తరకం మందులతో సరిపెట్టుకుందామంటే గుండె లయ కూడా తప్పిన కీళ్ళవాతపు జబ్బులో వార్ఫరిన్ తరహా మందే మెరుగని 2022లో వచ్చిన ఇన్విక్టస్ అధ్యయనం చెప్పింది. లోహపు వాల్వులకైతే కొత్త మందులు అసలు పనికిరావు.

పెళ్ళి కావాల్సిన పిల్ల విషయంలో తల్లిదండ్రులు మచ్చ గురించి అడుగుతారు. దాన్ని చాదస్తంగా తీసిపారేయకూడదు. మెడ కింద కనబడే మచ్చ ఆ అమ్మాయి జీవితంలో ఎన్ని సంబంధాలు తప్పిస్తుందో వాళ్ళకు తెలుసు. రొమ్ము కింద మడతలో దాగే కోత అక్కడ నిజమైన మేలు. ఆ మచ్చ కోసం ఊపిరితిత్తో, తొడ నాళమో ఒప్పుకోని చోట బలవంతపెట్టకూడదు. మచ్చ కనబడకపోయినా వాల్వు సంగతి పెళ్ళివారికి చెప్పి తీరాలి, ఎందుకంటే రేపు కాన్పు దగ్గర ఆ నిజమే ప్రాణం కాపాడుతుంది.

ఇంతా చేస్తే లాభమెంత

చిన్న కోత మేలు మీద నమ్మదగిన కొలత 2023లో ప్రచురితమైన యూకే మినీ మైట్రల్ అధ్యయనం ఇచ్చింది. మైట్రల్ మరమ్మతు అవసరమైన 330 మందిని రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు పక్క కోత, ఇంకో జట్టుకు నిలువు కోత పెట్టారు. పన్నెండు వారాలకు ఒంటి ఓపికలో తేడా లేదు. మరమ్మతు నాణ్యత, క్షేమం రెండింటా సమానం. చిన్న కోతవారు తొలి వారాల్లో త్వరగా తేరుకున్నారు, ఆస్పత్రిలో ఒక రోజు తక్కువ ఉన్నారు. అంటే మేలు ఉంది, అది తొలి వారాలకు సంబంధించిన మేలు. దినకూలి మీద బతికే ఇంటికి ఆ వారాలు చిన్నవి కావు.

ఇక్కడ రెండు సంగతులు మరవకూడదు. ఆ రోగుల సగటు వయసు 67, వాళ్ళ వాల్వులు వయసుతో సడలినవి. కీళ్ళవాతంతో ముద్దకట్టిన వాల్వులకు ఆ ఫలితాన్ని యథాతథంగా అన్వయించలేం. రెండోది, ఆ ఆపరేషన్లు చేసినవాళ్ళు ఈ పనిలో చేయి తిరిగినవాళ్ళు, రోగులను ఏరి తీసుకున్నారు. రోగిని ఏరడం సరిగా లేకపోతే, చేయి తిరగకపోతే ఆ సమానత్వం దక్కదు. అందుకే ఇంటివాళ్ళు అడగాల్సిన ప్రశ్నల్లో ‘చిన్న కోత చేస్తారా?’ కన్నా ‘మా మనిషికి అది ఎందుకు తగును, తగకపోతే మధ్యలో ఛాతీ తెరవాల్సి వచ్చే అవకాశం ఎంత, మీరు ఇలాంటివి ఎన్ని చేశారు?’ అన్నవి ముఖ్యం.

పరీక్ష ఎక్కడ మొదలవ్వాలి

మనకు ఆపరేషన్ చేసే చోట్లు లేకపోలేదు. 1991 నవంబరు నుంచి పుట్టపర్తి సత్యసాయి ఆస్పత్రి ఉచితంగా గుండె ఆపరేషన్లు చేస్తోంది. తిరుపతి స్విమ్స్, హైదరాబాద్ నిమ్స్ ఉన్నాయి. గుంటూరు ప్రభుత్వాస్పత్రిలో డాక్టర్ ఆళ్ళ గోపాలకృష్ణ గోఖలే బృందం 2016లో గుండె మార్పిడి దాకా వెళ్ళింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వాల్వు మార్పిడిని, బెలూన్‌ను పేదల చేతికి తెచ్చింది. ఆ పథకంలో ముందస్తు అనుమతి కోసం రిపోర్టులు పంపాలి గనక కనీస పరీక్షలు ఎలాగూ జరుగుతాయి. అనుమతికి చాలినన్ని కాగితాలు వేరు, రోగికి ఏ దారి మంచిదో తేల్చే పరీక్ష వేరు. రోగి ఊళ్ళోంచి ఖాళీ చేతులతో పెద్దాస్పత్రికి వెళ్ళడం, అక్కడ పడక దొరికిన రెండు రోజుల్లో అన్నీ హడావిడిగా చేయించడం, హిమోగ్లోబిన్ తక్కువనో పన్ను పుచ్చిందనో వెనక్కి పంపడం, మళ్ళీ రైలు చార్జీలు, మళ్ళీ కూలి నష్టం. ఈ తిప్పట చాలావరకు తప్పించగలిగిందే.

పైన చెప్పినవాటిలో సీటీ యాంజియో, గొంతు ఎకో, గుండె యాంజియోగ్రామ్, సర్జన్-కార్డియాలజిస్టు-మత్తు డాక్టరు కలిసి కూర్చుని తీసుకునే నిర్ణయం పెద్దాస్పత్రిలోనే జరగాలి. మిగిలినవి ఊరికి దగ్గరలో అయ్యేవే. మానేసిన పనుల జాబితా, ఐదు మీటర్ల నడక, బరువు, పాత టీబీ కార్డు, చేసిన పనుల చరిత్ర, ఆఖరి ముట్టు తేదీ, వాడుతున్న మందుల చీటీలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వరండాలో ఆశా కార్యకర్త, నర్సు కలిసి రాయగలిగినవి. హిమోగ్లోబిన్, క్రియాటినిన్, షుగరు, ఛాతీ ఎక్స్‌రే, పంటి పరీక్ష దర్శి, మార్కాపురం, ఒంగోలు స్థాయిలో అయిపోతాయి. మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది వేయించుకునే కీళ్ళవాతం పిల్లల పేర్లు ఆ కేంద్రంలో ఉంటే, వాల్వు ఎప్పుడు చెడుతోందో ముందే తెలిసి బెలూన్ దశలోనే పట్టుకోవచ్చు.

అందుకని ఈ సమీక్ష తేల్చే పని పెద్ద యంత్రాల గురించి కాదు. వాల్వు జబ్బు అనుమానమున్న ప్రతి రోగి చేతిలో ఒక పేజీ కాగితం ఉండాలి. అందులో పైన చెప్పిన ఊరి పరీక్షలన్నీ తేదీలతో ఉండాలి, లోపాలను సరిచేయడానికి ఇచ్చిన నెల వ్యవధి ఉండాలి, ఐఎన్‌ఆర్ పరీక్షకు ఎక్కడికి వెళ్తారో రాసి ఉండాలి. ఆ కాగితం చూసిన సర్జన్ మొదటి రోజే చెప్పగలడు: ఈమెకు బెలూన్ చాలు, ఈయనకు పక్క కోత కుదురుతుంది, ఈ పెద్దాయనకు ఛాతీ తెరవడమే మంచిది అని. కురిచేడు రోగికి ఆ మూడింటిలో ఏది వచ్చినా అది తన ఒళ్ళు చూసి తీసుకున్న నిర్ణయం అవుతుంది.